లెక్కల్లో బగ్గుల వేట

ఆఫీసులో టెస్టరు వచ్చి "మీ ప్రోగ్రాము తప్పు జవాబిస్తోంది" అంటే మనం ఏం చేస్తాం? ఏ ఇన్‌పుట్ ఇచ్చారు, ఏం వచ్చింది, ఏం రావాలి అని అడుగుతాం. అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుందో లేదో చూస్తాం. ఆ తర్వాతే కోడు తెరుస్తాం. "నీకు బొత్తిగా శ్రద్ధ లేదు" అని కంప్యూటరు మీద అరవం. ఒకవేళ అరిచినా, అరుపుతో బగ్గు పోదని మనకు తెలుసు.

ఇంటికొచ్చి పిల్లల హోంవర్కు ముందు కూర్చున్నాక మాత్రం ఈ విద్య అంతా ఎక్కడికి పోతుందో తెలియదు. కనీసం నా విషయంలో అదే జరిగింది. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి తొమ్మిదింటికి నేను చూసిన లెక్క ఇది:

62 - 37 = 35

చూడగానే తప్పు ఎక్కడుందో నాకు 'తెలిసిపోయింది'. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న ఆరు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంది, పన్నెండులోంచి ఏడు తీసి అయిదు వేసింది, కానీ ఆరుని కొట్టేసి అయిదు చెయ్యడం మరిచిపోయింది. అందుకే ముప్ఫై అయిదు. "అప్పు తెచ్చాక ఆరుని అయిదు చెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాను. అది రబ్బరుతో చెరిపి 25 వేసింది. మర్నాడు మళ్ళీ అలాంటి తప్పే. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు నా గొంతు పెరిగింది. నాలుగో రోజు "ఇవాళ హోంవర్కు లేదు నాన్నా" అంది. వారం తర్వాత మా ఆవిడ స్కూలు బ్యాగు సర్దుతూంటే అడుగున నలిగిపోయిన నాలుగు కాగితాలు దొరికాయి. హోంవర్కు లేకపోవడం కాదు, నాకు చూపించడం మానేసింది.

లెక్క తప్పడం పెద్ద విషయం కాదు. తప్పిన లెక్కను దాచుకోవడం మొదలైతే మాత్రం మన దగ్గర ఇంక లాగ్ ఫైల్ ఉండదు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నేను చేసిన ప్రయత్నం, ఆ క్రమంలో తెలుసుకున్న సంగతులు ఈసారి మీతో పంచుకుంటాను. ఇవి తెలుసుకోవడానికి మనకి కొత్త గణితం అక్కరలేదు, మన వృత్తిలో ఉన్న అలవాటే చాలు.

పిల్లల తప్పుకీ ఒక ప్రోగ్రాము ఉంటుంది

1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలు తీసివేతల్లో చేసే తప్పుల మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఈ బ్రౌన్ గారే ఆ తర్వాత జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రానికి అధిపతిగా పనిచేశారు. వారి ప్రోగ్రాము పేరు 'బగ్గీ'. వెయ్యిమందికి పైగా పిల్లల జవాబుల్ని పరిశీలించి వారు చెప్పిన మాట ఏమిటంటే, పిల్లల తప్పుల్లో చాలావాటికి అజాగ్రత్త కారణం కాదు. పిల్లవాడు ఒక పద్ధతిని చాలా జాగ్రత్తగా, పొల్లు పోకుండా పాటిస్తున్నాడు. ఆ పద్ధతిలోనే ఒక అడుగు తేడాగా ఉంది. ఆ అడుగేదో తెలిస్తే, తర్వాత ఇచ్చే లెక్కకి పిల్లవాడు ఏ తప్పు జవాబు వేస్తాడో ముందే చెప్పవచ్చు.

ఇది చదివాక ఆ నలిగిన కాగితాలు మళ్ళీ తీశాను. 62 - 37 కింద ఇంకో లెక్క ఉంది:

74 - 28 = 54

అప్పు తెచ్చి ఏడుని తగ్గించడం మరిచిపోతే ఏం రావాలి? పద్నాలుగులోంచి ఎనిమిది పోతే ఆరు, ఏడులోంచి రెండు పోతే అయిదు, అంటే 56. కానీ కాగితం మీద ఉన్నది 54. నా 'డయాగ్నోసిస్' తప్పు. ఈ లెక్క ఆ రాత్రి కూడా నా కళ్ళ ముందే ఉంది. చూడలేదు.

శనివారం పొద్దున్న దాన్ని కూర్చోబెట్టుకుని, కోప్పడనని ముందే మాట ఇచ్చి, 63 - 37 ఇచ్చాను. 34 వేసింది. "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను.

"ఏడులోంచి మూడు తీస్తే నాలుగు. ఆరులోంచి మూడు తీస్తే మూడు."

"మరి మూడు పైన, ఏడు కింద ఉన్నాయి కదా తల్లీ?"

"నువ్వే చెప్పావుగా నాన్నా, చిన్నదాంట్లోంచి పెద్దది తీయకూడదని."

నిజమే, చెప్పాను. అది కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు, ద్రాక్షపళ్ళు ముందు పెట్టుకుని, "ఎప్పుడూ పెద్ద నంబరులోంచే చిన్నది తియ్యాలి" అని నేనే నేర్పాను. అది ఆ మాటని మూడేళ్ళ పాటు నమ్మకంగా అమలు చేస్తూ వచ్చింది. కోడు సరిగ్గానే నడుస్తోంది. తప్పు నేనిచ్చిన స్పెసిఫికేషన్‌లో ఉంది.

ఒకే జవాబు, రెండు బగ్గులు

ఇక్కడ ఒక చిన్న చిక్కు గమనించండి. ఒకట్ల స్థానంలో పై అంకె చిన్నది, కింది అంకె పెద్దది అనుకుందాం. రెండింటి మధ్య తేడా 5 అయితే, 'పెద్దదాంట్లోంచి చిన్నది' తీసే పిల్లకి అక్కడ 5 వస్తుంది. సరిగ్గా పది కలిపి తీసే పిల్లకీ 10 - 5, అంటే 5 వస్తుంది. ఈ రెండో పిల్ల పదులను తగ్గించడం మరిచిపోతే ఇద్దరి జవాబూ ఒకటే. 62 - 37 సరిగ్గా అలాంటి లెక్క. అంటే ఆ రాత్రి నేను చూసిన ఒక్క లెక్కతో ఏ బగ్గో తేల్చడం ఎవరి తరమూ కాదు. నేను మాత్రం తేల్చేసి, లేని జబ్బుకి మూడు రోజులు మందు వేశాను.

కాబట్టి మొదటి సూత్రం: ఒక్క తప్పు చూసి నిర్ణయానికి రావద్దు. రెండో సూత్రం: ఇచ్చే లెక్కను ఆలోచించి ఇవ్వండి. వేర్వేరు బగ్గులకు వేర్వేరు జవాబులు రావాలి. మూడంకెల తీసివేతల్లో నాకు బాగా ఉపయోగపడిన లెక్క ఒకటుంది: 304 - 127. సరైన జవాబు 177. మిగిలినవి ఇలా ఉంటాయి:

223 వస్తే: ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తున్నారు.

287 వస్తే: పది తెచ్చుకుంటున్నారు గానీ పక్క స్థానాన్ని ఎక్కడా తగ్గించడం లేదు.

277 వస్తే: మధ్యనున్న సున్నాని 9 చేస్తున్నారు గానీ, ఆ తొమ్మిది వందల స్థానంలోంచి వచ్చిందన్న సంగతి తెలియక 3ని 3గానే ఉంచేస్తున్నారు.

87 వస్తే: సున్నా దగ్గర ఏమీ లేదు కదా అని దాన్ని దాటేసి, ఒకట్లకి కావలసినదీ పదులకి కావలసినదీ కూడా నేరుగా 3 దగ్గరే తెచ్చుకుంటున్నారు.

ఇంకా రకాలున్నాయి గానీ, ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే ఇంట్లో ఎదురయ్యేవాటిలో చాలావరకు పట్టుకోవచ్చు. గమనించారా, ఈ నలుగురు పిల్లలకీ పరీక్ష కాగితం మీద పడేది ఒకే ఎర్ర ఇంటూ మార్కు. కానీ నలుగురికీ చెప్పవలసిన పాఠాలు నాలుగు. అందరికీ కలిపి మరో ముప్ఫై లెక్కల వర్క్‌షీటు ఇస్తే ఏమవుతుంది? తప్పు పద్ధతికి ముప్ఫైసార్లు అభ్యాసం అవుతుంది.

అసలు ఈ బగ్గులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎవరూ నేర్పని తప్పు పద్ధతి పిల్లలకి ఎలా వస్తుంది? దీనికి 1980లో బ్రౌన్, కర్ట్ వాన్‌లేన్ కలిసి ఒక సిద్ధాంతం చెప్పారు. దాన్ని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. నేర్చుకున్న పద్ధతి ఒకచోట ఆగిపోతుంది. ఉదాహరణకి అప్పు తెచ్చుకోవాల్సిన చోట సున్నా ఉంది. ప్రోగ్రామైతే ఎక్సెప్షన్ విసిరి ఆగిపోతుంది. పిల్లలు ఆగరు. కాగితం ఖాళీగా ఇవ్వడం కంటే ఏదో ఒకటి వెయ్యడం నయమని, అప్పటికి తోచిన మరమ్మతు చేసుకుని ముందుకి వెళ్ళిపోతారు. సున్నాని దాటెయ్యడం ఒక మరమ్మతు, తిరగేసి తియ్యడం ఇంకో మరమ్మతు.

ఇలా చూస్తే తప్పు జవాబులో కూడా కొంత తెలివి కనిపిస్తుంది. రెండో విషయం, ఈ మరమ్మతులు స్థిరంగా ఉండవు. సోమవారం ఒక బగ్గు, గురువారానికి ఇంకోటి. వాన్‌లేన్ తర్వాతి పరిశోధనల్లో ఇదీ బయటపడింది. కాబట్టి "మొన్న సరిగ్గా చేశావు కదా, ఇవాళేమైంది?" అని విసుక్కోవడంలో అర్థం లేదు. మొన్నటి మరమ్మతు మొన్నటి లెక్కకి సరిపోయింది, అంతే. ఆగిపోయిన అసలు చోటు ఇంకా బాగుపడలేదు.

అప్పు కాదు, చిల్లర

మరి బాగుచెయ్యడం ఎలా? మనకి తెలిసిన పద్ధతిని ఇంకొంచెం గట్టిగా చెప్పడం కాదు. నేను "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి" అని చెబుతూంటే మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది: "అప్పు తెచ్చుకుంటే మళ్ళీ ఎప్పుడిచ్చేస్తాం నాన్నా?" మా మేష్టారు చెప్పిన ఆ మాటని ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్నాను గానీ, ఈ సందేహం నాకు ఎప్పుడూ రాలేదు. నిజానికి అక్కడ అప్పూ లేదు, తీర్చడమూ లేదు. ఉన్నది చిల్లర మార్చుకోవడం. అమెరికా బడుల్లో దీన్ని ఇప్పుడు 'రీగ్రూపింగ్' అంటున్నారు. మనకి 'చిల్లర' అన్న మాట అంతకంటే బాగా అతుకుతుంది.

మోనోపలీ ఆట డబ్బాలోంచి వంద, పది, ఒకటి నోట్లు తీశాం. ఆరు పదులు, రెండు ఒకట్లు దాని చేతికిచ్చి, "నాకు ముప్ఫై ఏడు డాలర్లు ఇవ్వమ్మా" అన్నాను. మూడు పదులు ఇచ్చింది. ఏడు ఒకట్లు ఇవ్వబోతే రెండే ఉన్నాయి. కాసేపు నోట్ల వంక చూసి, "నా దగ్గర పది ఉంది, చిల్లర ఇస్తావా?" అంది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. పది నోటు తీసుకుని పది ఒకట్లిచ్చాను. ఏడు నాకిచ్చి మిగిలినవి లెక్కపెట్టుకుంది. రెండు పదులు, అయిదు ఒకట్లు.

ఇక్కడ మూడు సంగతులు జరిగాయి. ఒకటి, చేతిలో నోట్లున్నప్పుడు ఏడులోంచి రెండు తియ్యడం అన్న ఆలోచనే రాదు, ఎందుకంటే ఆ ఏడు తన దగ్గర లేవు, నాకివ్వాల్సినవి. రెండు, పది నోటు చేతిలోంచి పోయింది కాబట్టి పదులు తగ్గడం ఎవరూ గుర్తుచెయ్యక్కరలేదు. మూడు, 304 లాంటి లెక్కలో పది నోట్లు లేకపోతే వంద నోటు మార్చి పది పదులు చేసుకుని, అందులో ఒకటి మళ్ళీ మార్చుకోవాలని దానంతట అదే తేలుతుంది. సున్నా తొమ్మిది ఎందుకవుతుందో నాకు కూడా ఆ రోజే కళ్ళకి కట్టింది.

నోట్లతో నాలుగైదు రోజులు చేశాక, నోట్లూ కాగితమూ పక్కపక్కన పెట్టాం. చేతితో చేసిన ప్రతి మార్పునీ అప్పటికప్పుడు కాగితం మీద రాయడం. ఆ తర్వాత నోట్లు పక్కకి వెళ్ళిపోయాయి. ఈ క్రమం తొందరపడి దాటించకండి.

ఆఖరి అడుగు అసర్షన్. జవాబు వచ్చాక దాన్ని తీసిన సంఖ్యకి కలిపి చూడమనండి. 35కి 37 కలిపితే 72 వస్తుంది, 62 రాదు. "ఇది తప్పు" అని మనం చెప్పడానికీ, అది తనే కనిపెట్టడానికీ చాలా తేడా ఉంది.

బడిలో పద్ధతి వేరు, మన పద్ధతి వేరు

ఇండియాలో చదువుకున్న మనకి అమెరికా బడి పుస్తకాలు చూస్తే చిరాకు వేస్తుంది. నిలువుగా రాసి తీసెయ్యాల్సిన లెక్కకి గీతలు, గెంతులు, డబ్బాలు ఎందుకని. 37 నుంచి 40కి మూడు, 40 నుంచి 60కి ఇరవై, 60 నుంచి 62కి రెండు, మొత్తం 25. ఇదేం కొత్త గొడవ అని నేనూ అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, మా ఊళ్ళో కిరాణా కొట్టు ఆయన చిల్లర ఇచ్చేది సరిగ్గా ఇలాగే. తీసివేత చేసేవాడు కాదు, మనమిచ్చిన నోటు దాకా ఎక్కించుకుంటూ పోయేవాడు.

2010లో వెలువడిన 'కామన్ కోర్' ప్రమాణాలను చూస్తే ఈ వరస అర్థమవుతుంది. కూడికలు, తీసివేతలకి మనకి తెలిసిన నిలువు పద్ధతి పూర్తిగా రావాలని అడిగేది నాలుగో తరగతిలో. పెద్ద గుణకారానికి అయిదు, పెద్ద భాగహారానికి ఆరు. అంతకు ముందు తరగతుల్లో స్థాన విలువ మీద ఆధారపడిన పద్ధతులకే ప్రాధాన్యం. ఒక అంకెని ఒక అంకెతో గుణించే ఎక్కాలు మాత్రం మూడో తరగతి చివరికి కంఠతా రావాలి. టెక్సాస్, వర్జీనియా లాంటి రాష్ట్రాలు కామన్ కోర్‌లో చేరలేదు, చేరినవాటిలో కూడా కొన్ని ఆ తర్వాత మార్పులు చేసుకున్నాయి. కాబట్టి మీ రాష్ట్రం ప్రమాణాలు ఒకసారి చూసుకోండి. అవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

దీన్నిబట్టి నేను నేర్చుకున్నది ఇది: రెండో తరగతి పిల్లకి నిలువు పద్ధతి నేర్పి "చూశావా, ఎంత సులభమో" అనడం, పునాది పడకుండా పైకప్పు వెయ్యడమే. బడిలో టీచరు ఒకటి చెబితే ఇంట్లో నాన్న ఇంకోటి చెబుతూంటే, పిల్లలు రెండింటినీ సగం సగం కలిపి మూడోది తయారుచేస్తారు. అందుకని ముందు "మీ టీచరు ఎలా చెప్పారో నాకు నేర్పు" అని అడగడం మంచిది.

మన తెలుగు ఇక్కడ పనికొస్తుంది

ఇంగ్లీషులో 'ఫోర్టీన్' అన్నప్పుడు ముందు నాలుగు వినిపిస్తుంది, రాసేటప్పుడు ముందు 1 రాయాలి. అందుకే చిన్నపిల్లలు దాన్ని 41 అని రాసేస్తూంటారు. 'థర్టీన్', 'థర్టీ' చెవికి దాదాపు ఒకటే. 'ఇలెవెన్', 'ట్వెల్వ్' అన్న మాటల్లో పది ఎక్కడా కనిపించదు. తెలుగులో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా ప్రతి మాటలోనూ ముందు పది ఉంటుంది, తర్వాతే ఒకట్లు. పదమూడు, పద్నాలుగు, పదిహేను. రాసే వరసా, పలికే వరసా ఒకటే. ఇరవై మూడు, నలభై ఏడు కూడా అంతే.

ఇంట్లో తెలుగు మాట్లాడించాలని మనం ఎలాగూ తాపత్రయపడతాం. అంకెలు కూడా తెలుగులో లెక్కపెట్టిస్తే స్థాన విలువ పాఠం అందులోనే కలిసొస్తుంది. "పద్నాలుగులో పది ఎక్కడుంది?" అంటే మాటలోనే చూపించవచ్చు. భిన్నాలకి కూడా ఇదే ఉపాయం. 'ముప్పావు' అంటే మూడు పావులు. మూడు బై నాలుగు అంటే ఏమిటో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. దోసెని నాలుగు ముక్కలు చేసి 'పావు, అర, ముప్పావు' అంటూ పెట్టడం మొదలుపెట్టాక, మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదని ("నాలుగు పెద్దది కదా!") వాదించడం మా ఇంట్లో ఆగిపోయింది.

ఇంకో రెండు బగ్గులు, మనకి బాగా తెలిసినవే

మొదటిది సమాన గుర్తు. మీ పిల్లల్ని ఈ ఖాళీ పూరించమనండి:

8 + 4 = __ + 5

చాలామంది 12 వేస్తారు, కొందరు అన్నీ కూడేసి 17 వేస్తారు. రావలసింది 7. వాళ్ళకి '=' అంటే "రెండు వైపులా ఒకటే" అని కాదు, "ఇక జవాబు వెయ్యి" అని. కాలిక్యులేటరు మీద ఆ మీట చేసే పని కూడా అదే. మనకి నవ్వు రావచ్చు గానీ, ఒక సమానం గుర్తుకీ రెండు సమానం గుర్తులకీ తేడా తెలియక అర్ధరాత్రి దాకా తల పట్టుకున్న రోజులు మనకీ ఉన్నాయి. ఈ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ ప్రవేశపెట్టినప్పుడు రెండు సమాంతర గీతలు ఎంచుకున్నది, వాటికన్నా సమానమైనవి వేరే లేవనే. త్రాసు బొమ్మ గీసి చెప్పండి. 7 = 3 + 4 లాంటివి తిరగేసి కూడా రాయించండి. ఇప్పుడు సరిచెయ్యకపోతే ఇది ఆల్జీబ్రాలో బయటపడుతుంది.

రెండోది దశాంశాలు. 0.45 పెద్దదా, 0.6 పెద్దదా అంటే నాలుగో తరగతి పిల్లలు కొందరు 0.45 అంటారు, 45 కన్నా 6 చిన్నది కాబట్టి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్లలో ఇదే నియమం సరైనది. 2.9 తర్వాత 2.10 వస్తుంది కదా! ఇక్కడ కూడా డబ్బే మందు. అరవై సెంట్లు పెద్దవా, నలభై అయిదు సెంట్లు పెద్దవా?

నేను రాసిన ప్రోగ్రాము, దాని గతి

ఇంత తెలిశాక చెయ్యి ఊరుకుంటుందా? పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. పైన చెప్పిన తీసివేత బగ్గులు ఒక్కొక్కటీ ఒక ఫంక్షను. ప్రోగ్రాము లెక్కలు తయారుచేసి, ఒక్కొక్క దానికీ ప్రతి బగ్గూ ఇచ్చే జవాబు చూసి, అన్ని జవాబులూ వేర్వేరుగా వచ్చిన లెక్కల్ని మాత్రమే ఉంచుతుంది. పిల్ల జవాబులు కొడితే ఏ బగ్గుతో ఎన్ని సరిపోయాయో చెబుతుంది. వారాంతంలో అయిపోయే పని. మీరూ సరదాగా రాసి చూడండి.

ఎంతో ఉత్సాహంగా నలభై లెక్కల కాగితం ప్రింటు తీసి మా అమ్మాయికి ఇచ్చాను. ఆరు చేసి, "ఇది హోంవర్కు కాదుగా?" అని లేచి వెళ్ళిపోయింది. దానిదే న్యాయం. ఆ ఆరింటితోనే నాకు కావలసింది తెలిసింది. మిగతా ముప్ఫై నాలుగూ నా ముచ్చట కోసం పెట్టినవి.

ఇప్పుడు లెక్కని ఫొటో తీస్తే మెట్లతో సహా చేసిపెట్టే ఆప్‌లు ఉన్నాయి, అడిగితే వివరించే చాట్‌బాట్లు ఉన్నాయి. అవి సరైన పద్ధతి చూపిస్తాయి. పిల్ల రాసిన కాగితం ఇస్తే తప్పు ఎక్కడుందో ఊహిస్తాయి కూడా. కానీ ఆ ఊహ నిజమో కాదో తేల్చేది, నేను ఆ రాత్రి అడగని ఆ ఒక్క ప్రశ్నే: "ఎలా చేశావో చెప్పమ్మా." దాన్ని సరైన జవాబు వచ్చినప్పుడు కూడా అడగండి. తప్పు వచ్చినప్పుడు మాత్రమే అడిగితే, ఆ ప్రశ్న వినగానే రబ్బరు కోసం చెయ్యి వెళుతుంది.

రోజుకి పదిహేను నిమిషాలు

మా ఇంట్లో చివరికి నిలిచిన పద్ధతి ఇది. మీ వీలునిబట్టి మార్చుకోండి.

మొదటి అయిదు నిమిషాలు ఎక్కాలు, లేదా ఇరవై లోపు కూడికలు, తీసివేతలు. కారులో అయినా సరే. వీటికి వేగం కావాలి. పదమూడులోంచి ఏడు పోతే ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే పిల్లకి, చిల్లర మార్చిన సంగతి గుర్తుపెట్టుకోవడానికి బుర్రలో చోటు మిగలదు. మన మెమొరీ బాధ లాంటిదే. వారానికి ఒక ఎక్కం చాలు.

తర్వాత ఏడెనిమిది నిమిషాలు ఆలోచించి ఎంచుకున్న మూడే మూడు లెక్కలు. ఒకటి తేలిగ్గా వచ్చేది, ఒకటి ఇప్పుడు నేర్చుకుంటున్నది, ఒకటి పాత బగ్గు తిరిగొచ్చిందేమో చూసేది. మన భాషలో రిగ్రెషన్ టెస్టు.

మిగిలిన సమయం దానిది. అది టీచరు, నేను విద్యార్థిని. నేను కావాలని తప్పు చేస్తాను, అది కనిపెట్టాలి.

నిద్ర వేళకి ముందు, అలసిపోయి ఉన్నప్పుడు, నాకు ఆఫీసు కాల్ ఉన్నప్పుడు లెక్కలు వద్దనుకున్నాం. నెల రోజులైనా ఒకే చోట ఆగిపోతే టీచరుకి ఈమెయిల్ రాయండి. "లెక్కల్లో వెనకబడింది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "304 - 127 ఇస్తే 277 వేస్తోంది, సున్నా దగ్గర తికమక పడుతున్నట్టుంది" అని రాయండి. మంచి బగ్ రిపోర్టు చదివితే మనకి ఎంత హాయిగా ఉంటుందో టీచరుకీ అంతే.

ఆ టీచరు ఆట కొన్నాళ్ళకి తిరగబడింది. బ్రౌన్, బర్టన్ల 'బగ్గీ' కూడా నిజానికి ఇలాంటి ఆటే. కంప్యూటరు ఒక బగ్గు ఉన్న విద్యార్థిలా నటిస్తే, టీచర్లు లెక్కలిచ్చి ఆ బగ్గు కనిపెట్టాలి. మా ఇంట్లో కంప్యూటరు పాత్ర మా అమ్మాయిది. అది మనసులో ఒక బగ్గు అనుకుంటుంది, నేను లెక్కలిచ్చి పట్టుకోవాలి.

మొన్న ఆదివారం 62 - 37 ఇచ్చాను, 25 అంది. 304 - 127 ఇచ్చాను, 177 అంది. సున్నాలు పెట్టి ఇచ్చాను, రెండు సున్నాలు పక్కపక్కన పెట్టి ఇచ్చాను, నాలుగంకెలు ఇచ్చాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పదకొండు లెక్కలయ్యాక చేతులెత్తేశాను. "ఓడిపోయాను తల్లీ, ఏమిటా బగ్గు?"

"ఈసారి బగ్గేమీ పెట్టలేదు నాన్నా" అంది. "నువ్వే వెతుకుతున్నావు."